వదిన చేతి కొలత

నేను కాఫీ తాగను. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ సుఖం, వినేవాళ్ళకీ సుఖం. కడుపులో పుండు పడిందని డాక్టరు కాఫీ, టీ, కారం అన్నీ మాన్పించి చాలాకాలమైంది. అలాంటివాణ్ని కాఫీ మిషను చెయ్యమని ఎవరడిగారయ్యా అంటే, ఎవరూ అడగలేదు. నా నోరే నా కొంప ముంచింది.

నా పని లిఫ్టులు బాగుచెయ్యడం. లిఫ్టు చెడిపోతేనే నన్ను పిలుస్తారు కాబట్టి లిఫ్టు మెకానిక్కు బతుకంతా మెట్లెక్కడమే. పైన మోటారు గదికెళ్ళి, కంట్రోలు పెట్టె తెరిచి, ఏ బోర్డు కాలిందో వాసన చూసి పట్టుకుని, మార్చి, మళ్ళీ మెట్లు దిగాలి. కిందికొచ్చేసరికి జనం బటను నొక్కుకుంటూ నావైపు చూస్తారు, చెడగొట్టింది నేనే అన్నట్టు. మోకాళ్ళు అరిగాయి, ఓపిక అంతకంటే ముందే అరిగింది. ఇంటికెళ్తే మా ఆవిడ, "ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కిస్తారు, మనింట్లో ఫ్యాను మాత్రం కిర్రుమంటూనే ఉంటుంది" అంటుంది. అననివ్వండి, నిజమే కదా.

మా అన్నయ్య ఒక ప్రింటింగు ప్రెస్సులో మిషన్‌మ్యాన్‌గా చేసేవాడు. హఠాత్తుగా పోయాడు. పిల్లల్లేరు. ప్రెస్సు ఓనరుగారు వదినని పిలిచి, బైండింగు సెక్షను వెనకాల ఉన్న కాఫీ గది చూసుకోమన్నాడు. కాగితం రీముల మధ్య చిన్న గది. ఒక స్టవ్వు, ఒక సింకు, రేకు తాపిన బల్ల, పైన ఇనప ఊచల కిటికీ. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ప్రెస్సు మొత్తానికీ కాఫీ కాచి ఇవ్వడం. ఇంట్లో ఉంటే గోడలతో మాట్లాడుకోవాల్సిన మనిషి, అక్కడైతే పదిమంది చేత "అమ్మా, అమ్మా" అనిపించుకునేది. ఆ గదే లేకపోతే వదినకి పొద్దున లేచి చీర కట్టుకోవడానికి కూడా కారణం లేదు. ఇది నా మాట కాదు, తనే ఒకరోజు అంది.

అలాంటిది కుడి భుజం పట్టేసింది. పాలగిన్నె ఎత్తలేదు, డికాక్షను వంచలేదు. బరువులు ఎత్తారో ఇక ఆ చెయ్యి లేవదు అన్నాడు డాక్టరు. గోరుచుట్టు మీద రోకలిపోటని, సరిగ్గా అప్పుడే ఎవరో కంపెనీవాడు ఓనరుగారి దగ్గరికి వచ్చి, పొడి కలిపే డబ్బా మిషను పెడతాం, మేమే నింపుకుంటాం, మేమే కడుక్కుంటాం అన్నాడు. "నీకూ కష్టమే కదమ్మా, ఇంక విశ్రాంతి తీసుకో" అన్నాడు ఓనరుగారు. పాపం, మర్యాదగానే అన్నాడు. మర్యాదగా పోయినా గది పోవడం పోవడమే.

వదిన ఆ సంగతి మా ఇంటికొచ్చి చెప్పి, చెంగుతో ముక్కు తుడుచుకుంది. చూడలేక నేను, "దానికెందుకు వదినా ఏడుపు? వాడి డబ్బా ఎవడిక్కావాలి, నీ కాఫీనే కాచే మిషను నేను చేసిస్తాను. నువ్వు పోసి బటను నొక్కితే చాలు" అనేశాను. మా ఆవిడ ఫ్యాను వైపు ఒకసారి చూసింది.

ఓనరుగారు ఒప్పుకున్నాడు. "సోమవారం మావాళ్ళంతా తాగి బాగుందంటే గది మీదే. లేదంటే మంగళవారం కంపెనీవాడు వస్తాడు. నేనింక ఆపలేను" అన్నాడు. అదీ ఒప్పందం.

మైక్రోకంట్రోలర్ బోర్డంటే పెద్ద విషయం ఏమీ కాదు. అరచేతిలో ఇమిడే పచ్చటి రేకుముక్క. మనం రాసిచ్చిన వరసలో ఒక్కో పనీ చేసుకుపోతుంది, ఎదురు చెప్పదు, అలగదు. ఇంట్లోవాళ్ళకంటే నయం. ఒక బోర్డు తెచ్చి, దానికి పాలు తోడే రబ్బరు గొట్టం పంపు ఒకటి, పొడిని నెట్టే మర తిప్పడానికి మోటారు ఒకటి, పంచదారకి ఇంకొకటి, నీళ్ళకీ పాలకీ హీటర్లు, కింద తూకం చూసే సెన్సారు, గిన్నె అంచున మట్టం చూసే సెన్సారు, లోపల వేడి చూసే సెన్సారు తగిలించాను. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు తలప్రాణం తోకకొచ్చింది. హీటరు వెలిగిన ప్రతిసారీ కరెంటు కుంగి బోర్డు మూర్ఛపోయేది. లేచి, మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టేది. పోసిన పొడి మీదే మళ్ళీ పొడి పోసేది. అలా ఒక డబ్బా పొడి తగలేశాక, హీటర్లకి వేరే బోర్డు, వేరే సప్లయి పెట్టి, రెండు బోర్డులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేలా తీగ లాగాను. అప్పటికి గానీ దాని పిచ్చి కుదరలేదు.

పాలు దండగని నీళ్ళతో పరీక్షించాను. నీళ్ళతో బంగారంలా నడిచింది. పాలు పోశానో లేదో, నురగ లేచి మట్టం చూసే సెన్సారుని ముంచేసి, గిన్నె నిండిపోయిందని బోర్డు పంపు కట్టేసింది. నురగని చూసి పాలనుకుంది వెర్రిది. సెన్సారు పక్కకి జరిపి, పంపు నిదానంగా తిరిగేలా మార్చి, అప్పటికి ఒడ్డున పడ్డాను. లిఫ్టుల పని అయ్యాక ఆ గదిలో స్టూలు మీద కూర్చుని ఇదంతా చేస్తుంటే నడుం రెండు ముక్కలయ్యేది. ఏం చేస్తాం, నోరు జారింది మనమేగా.

అసలు సంగతి కొలత. మిషనుకి "కాస్త", "చూసుకుని" అంటే అర్థం కాదు. పొడి ఎంత, పాలు ఎంత, ఎంత వేడి, ఎంతసేపు, అన్నీ అంకెల్లో కావాలి. నేనా, కాఫీ తాగనివాణ్ని. అందుకని వదిన చెయ్యినే కొలవాలనుకున్నాను. తను కాచేటప్పుడు పక్కన నిలబడి, గిన్నె కింద తూకం పెట్టి, పాలలో వేడి చూసే తీగ ముంచి, చెంచా వేసిన ప్రతిసారీ రాసుకున్నాను. ఆమె ఒంటి చేత్తో కలుపుతుంటే నేను గిన్నె పట్టుకునేవాణ్ని.

"నన్ను తూస్తున్నావా అబ్బాయ్, కాఫీని తూస్తున్నావా?" అని విసుక్కునేది.

"నువ్వు ఈ తూకంలో పట్టవులే వదినా" అంటే గరిటె చూపించేది.

ఒక్క మాట చెప్పాలి. ఆ చేతి నిలకడ చూసి నేను ఆశ్చర్యపోయాను. నిన్న ఎంత వేసిందో ఇవాళా అంతే, ఇవాళ ఎంతో రేపూ అంతే. ఆ అంకెలు ఉన్నవున్నట్టు బోర్డులోకి ఎక్కించాను. ఆదివారం సాయంత్రం మొదటి గ్లాసు తీసి వదినకిచ్చాను. ఒక గుక్క తాగింది, కళ్ళు మూసింది, "అచ్చం నాదేరా అబ్బాయ్!" అంది. నా ఒళ్ళంతా తేలికపడింది. ఆ రాత్రి ఫ్యాను కిర్రుమంటున్నా నిద్రపట్టింది.

సోమవారం పొద్దున పది గ్లాసులు ట్రేలో పెట్టి, వదినే అందరికీ అందించింది. ముందు ఓనరుగారికి. తర్వాత తప్పుల మాస్టారికి. ఆయన ప్రూఫులు దిద్దే పెద్దాయన. అచ్చులో తప్పులు వెతికీ వెతికీ, ఇప్పుడు మనుషుల్లో కూడా అవే కనిపిస్తాయి ఆయనకి, అందుకే ఆ పేరు. ఆ తర్వాత పుస్తకాలు కుట్టే సూదక్కకి. ఆవిడకి ఒక సూది చేతిలో ఉంటే ఇంకోటి నోట్లో ఉంటుంది. వీళ్ళిద్దరూ బాగుందంటే ప్రెస్సంతా బాగుందన్నట్టే.

తప్పుల మాస్టారు ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు. "ఇదేంటయ్యా, కాఫీయా కషాయమా?"

"విషం" అంది సూదక్క. "నాలుక మీద వేపాకు రుబ్బినట్టుంది. పైగా ఆ మాడు కంపొకటి."

వెనకనుంచి ఇంకొకడు, "పంచదార మూట గుమ్మరించాడేమో, చేదూ తీపీ కలిసి కడుపులో తిప్పుతోంది" అన్నాడు. తలా ఒక రాయి వేశారు. ఓనరుగారు గ్లాసుని బల్ల చివరికి జరిపాడు. అదే అందరికంటే గట్టి దెబ్బ.

నాకు మండింది. "అది వదిన కొలతే! చెంచా చెంచా తూచి పెట్టాను!"

"ఎంత తూస్తే ఏముందయ్యా" అన్నాడు తప్పుల మాస్టారు. "ఆ చేతి కాఫీ ఎక్కడ, ఇదెక్కడ? ఆ రుచి మిషన్లకి వస్తుందా!"

"అమ్మా, నువ్వు కాచివ్వవే, నోరు కడుక్కుంటాం" అంది సూదక్క.

వదిన మొహం ఒక్కసారి వెలిగింది. గది పోతోందని కూడా మర్చిపోయింది పాపం. నేను గిన్నె ఎత్తి పట్టుకుంటే ఎడంచేత్తో కలిపి, తలా కాసిని పోసిచ్చింది. తాగారు. "అబ్బ! ఇదీ" అన్నాడు మాస్టారు. "ప్రాణం లేచొచ్చింది" అంది సూదక్క. అందరూ తలూపారు.

ఇంత చాకిరీ చేసి, ఇన్ని మెట్లెక్కిన కాళ్ళతో ఇన్ని పూటలు నిలబడి, చివరికి ఇదా? కడుపు మండిపోయి, పుండునీ డాక్టరునీ పక్కన పెట్టి, మిషను గ్లాసు తీసుకుని ఒక గుక్క తాగాను. నిజమే, నోట్లో పెట్టుకోలేం. తర్వాత వదిన చేత్తో కాచింది ఒక గుక్క తాగాను.

రెండూ ఒకటే. అదే చేదు, అదే తీపి, గొంతులో దిగేటప్పుడు అదే మాడు. కాఫీ మానేసి ఎన్నేళ్ళైనా ఆ మాత్రం తెలియనంత మొద్దు కాదు నా నాలుక. మిషను ఒక్క పిసరు కూడా తప్పు చెయ్యలేదు.

వదిన సింకు దగ్గర గ్లాసులు కడుగుతోంది. నేను సూదక్కని కాగితం రీముల వెనక్కి లాక్కుపోయాను.

"అక్కా, నిజం చెప్పు. రెండూ ఒకటే కదూ?"

ఆవిడ నోట్లో సూది తీసి కొంగుకి గుచ్చుకుని, నేల చూసింది. "మెల్లిగా మాట్లాడు నాయనా. ముందు బ్రహ్మాండంగానే కాచేది. పోయినేడు జ్వరమొచ్చి లేచింది చూడు, అప్పట్నుంచీ చెడింది. రోజురోజుకీ చేదెక్కింది. మనసు బాగాలేక అలా చేస్తోంది, కుదుటపడితే కాఫీ కూడా కుదుటపడుతుందిలే అనుకున్నాం. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అంటూ ఏడాది గడిచింది. మొహమాటానికి పోతే కడుపైందట, అలా అయింది మా పని."

"ఏడాదిగా ఈ విషం తాగుతూ బాగుందన్నారా? తప్పుల మాస్టారు కూడానా?"

"ఆయనే అందరికంటే ముందు అనేవాడు."

"మరి నా మిషన్ని అంతంత మాటలన్నారేం?"

"దానికేం మనసుందా ఏంటి, నొచ్చుకోడానికి?" అంది సూదక్క. "ఏడాదిగా కడుపులో దాచుకున్నదంతా ఒక్కసారి కక్కేశాం. తిట్టడానికి ఏదో ఒకటి దొరికింది."

ఇక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అడకత్తెరలో పోకచెక్క నేను. నిజం చెబితే మిషను గెలుస్తుంది, వదిన పదిమందిలో తలదించుకోవాలి. చెప్పకపోతే మిషను ఓడిపోతుంది, రేపు కంపెనీవాడు వస్తాడు, గది పోతుంది. ఓనరుగారి దగ్గరికెళ్ళి, "తప్పు నాదేనండీ, పొడి మోటారు నడిపే బోర్డు చెడింది, అందుకే కాఫీ అలా వచ్చింది. రేపు పొద్దున్న ఇంకొక్కసారి తాగి చూడండి, కంపెనీవాడు వచ్చేలోపే" అన్నాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సరే అన్నాడు.

మధ్యాహ్నమంతా నేనూ సూదక్కా ఆ గదిలోనే. వదినని భుజం కాపడానికని ఇంటికి పంపేశాం. పొడి సగానికి దించాను, పంచదార దించాను, పాలు మాడకముందే హీటరు కట్టేసేలా రాశాను. ఒక్కో గ్లాసూ తీస్తే ఆవిడ ఒక గుక్క, నేను ఒక గుక్క. "ఇంకా చేదు", "ఇప్పుడు నీళ్ళు", "ఊఁ, దగ్గరికొచ్చింది", ఇలా. నా కడుపు భగ్గుమంటోంది. ఆవిడ కుట్టాల్సిన పుస్తకాలు కుప్పపడ్డాయి. చివరికి ఒక గ్లాసు మొత్తం తాగేసింది. కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇది. ఇదీ జ్వరానికి ముందు అమ్మ కాచిన కాఫీ" అంది.

సాయంత్రం వదిన తిరిగొచ్చింది. బోర్డు బాగైందని చెప్పి ఆ కొత్త కాఫీ ఒక గ్లాసిచ్చాను. కొలత మార్చానని పోట్లాడుతుందేమోనని, బిగిసే ఉన్న మరనే స్క్రూడ్రైవరుతో మళ్ళీ బిగిస్తున్నాను. ఒక గుక్క తాగింది, కళ్ళు మూసింది.

"అచ్చం నాదేరా అబ్బాయ్!"

నా చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఆగిపోయింది. నిన్నటి కషాయానికీ అదే మాట, ఇవాళ్టి అమృతానికీ అదే మాట. అప్పుడర్థమైంది నాకు. రుచి తెలిస్తే కదా తేడా తెలిసేది! కాఫీ తాగని మరిది, రుచి తెలియని వదిన, ఇద్దరూ కలిసి కూర్చుని కాఫీ కొలిచారు. మా ఇద్దరినీ చూసి ఎవరైనా నవ్వాలి.

"ఏంటలా చూస్తున్నావ్?" అంది వదిన.

"ఏం లేదు. అలిసిపోయాను" అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

మంగళవారం పొద్దున మళ్ళీ ట్రే, మళ్ళీ గ్లాసులు. ఈసారి ఎవరూ గ్లాసు కింద పెట్టలేదు. అందరి తలలూ గ్లాసుల్లోనే. ఓనరుగారు చివరిచుక్క దాకా తాగి, గ్లాసు వంచి లోపలికి చూసి, గుమస్తా వైపు తిరిగి, "ఆ కంపెనీవాడికి ఫోను చేసి రానక్కర్లేదని చెప్పు" అన్నాడు. గుమస్తా అక్కడే ఫోను తీసి చెప్పేశాడు.

అయిపోయింది. గది వదినదే. నేను ఊపిరి వదిలి స్టూలు మీద కూలబడ్డాను. ఇంటికెళ్ళి రెండు రోజులు పడుకోవాలి అనుకుంటున్నాను.

అప్పుడు తప్పుల మాస్టారు కళ్ళు మూసుకుని, "ఇదీ కాఫీ అంటే! ఎన్నాళ్ళకి తాగానమ్మా ఇలాంటిది!" అన్నాడు.

సూదక్క ఆయన కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైంది.

"ఎన్నాళ్ళకి అంటే?" అంది వదిన.

సూదక్క ఖాళీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. మాస్టారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వదిన ఒక్కొక్కరినే చూసింది, చివరికి నన్ను చూసింది.

"అబ్బాయ్, నిన్న చెడింది బోర్డు కాదు కదూ?"

నాకు అబద్ధాలు బాగానే వచ్చు. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళకి రోజూ చెబుతుంటాను, ఇంకొక్క నిమిషమని. ఆ క్షణంలో మాత్రం తల దానంతటదే ఊగింది.

"నిన్నటి కొలత ఇంకా ఉందా దీంట్లో?"

"ఉంది, తీసెయ్యలేదు. వదినా, ఊరుకో. అంతా బాగైపోయింది కదా, ఇప్పుడెందుకు..."

"ఏ బటను?"

చూపించాను. ఏం చేయను, వదిన అడిగాక చూపించకుండా ఉండటం నా తరం కాదు. నొక్కింది. మిషను గుర్రుమంది, పొడి పడింది, పాలు దిగాయి. గ్లాసు నిండేదాకా ఒక్కరూ కదల్లేదు. ఆ గ్లాసు ఎడంచేత్తో పట్టుకుని ఓనరుగారి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నాకు రుచి తెలియదండీ" అంది. "పోయినేడు జ్వరమొచ్చి తగ్గింది కదా, అప్పట్నుంచీ వాసనా లేదు, రుచీ లేదు. ఏం తిన్నా తడిగుడ్డ నమిలినట్టే ఉంటుంది. రుచి తెలియని మనిషికి కాఫీ గది ఎవరిస్తారు? అందుకని చెప్పలేదు. ఈ అబ్బాయిక్కూడా చెప్పలేదు."

"వదినా..."

"నువ్వుండు." నావైపు చూడకుండానే అంది. "పొడి తక్కువైందేమోనని భయమేసి ఒక చెంచా ఎక్కువేశాను. ఇచ్చి, మీ మొహాలు చూశాను. బాగుందన్నారు. మర్నాడు ఇంకాస్త వేశాను. మళ్ళీ మీ మొహాలే చూశాను. బ్రహ్మాండం అన్నారు. నాకు నాలుక లేదు కదా, మీ మొహాలే నా నాలుక అనుకున్నాను. మీలో ఏ ఒక్కరు మొహం చిట్లించినా అక్కడే ఆగేదాన్ని కదండీ! ఏడాది పాటు నాచేత విషం కాయించి, మీరంతా నవ్వుతూ తాగుతారా? అంత జాలి పడాల్సిన దాన్నా నేను?"

సూదక్క ఏడుస్తోంది. తప్పుల మాస్టారు కళ్ళజోడు తీసి ఊరికే తుడుస్తున్నాడు. నాకు మాస్టారి మీద కోపం, సూదక్క మీద కోపం, అందరికంటే నామీద కోపం. నిన్న సాయంత్రం తెలిసి కూడా అలిసిపోయానని తప్పించుకున్నది నేనే కదా.

వదిన గ్లాసు ముందుకి చాపింది. "తాగండి. తాగి, ఇప్పుడైనా నిజం చెప్పండి. గది ఉంచుతారో తీసేస్తారో తర్వాత మీ ఇష్టం."

ఓనరుగారు గ్లాసు అందుకున్నాడు. ఆయన ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. వదిన మొహంలోకి చూస్తూ ఒక పెద్ద గుక్క తాగాడు. ఏడాదిగా దాచుకున్న వికారమంతా మొహంలోకొచ్చింది. ముక్కు ముడుచుకుంది, మూతి వంకరపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఛీ!" అన్నాడు.

సూదక్క మొహం పక్కకి తిప్పుకుంది. వదిన మాత్రం కళ్ళార్పకుండా ఆయన మొహాన్నే చూస్తోంది. ఆ "ఛీ" కోసమే ఏడాదిగా ఎదురుచూసినట్టు చూస్తోంది.

"ఇంకా చెప్పండి" అంది.

"చేదమ్మా. పరమ చేదు. ఆ చేదు మీద ఆ తీపి వెగటు. పాలు మాడాయి. అడుగంటిన వాసన." ఓనరుగారు గ్లాసు పక్కవాడికిచ్చాడు. "నువ్వు చెప్పు."

వాడు తాగి చెప్పాడు. సూదక్క తాగి చెప్పింది, ముక్కు చీదుకుంటూ. గ్లాసు చేతులు మారుతోంది, ఒక్కొక్కరి మొహం ఒక్కోలా వంకరపోతోంది. వదిన ప్రతి మొహాన్నీ చూసింది, ప్రతి మాటకీ తలూపింది. ఒకచోట కాస్త నవ్వింది కూడా. తన కాఫీ రుచి తనకి తెలియడం ఏడాదిలో అదే మొదటిసారి.

ఓనరుగారు లేచాడు. "కంపెనీవాడికి వద్దని చెప్పడం ఎలాగూ అయింది. రోజూ మొదటి గ్లాసు నాకు తీసుకురా. బాగాలేకపోతే మొహం మీదే చెబుతాను. ఏడవకూడదు మరి."

"చెప్పకపోతేనే ఏడుస్తానండీ" అంది వదిన.

ఆయన వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే కదులుతున్నారు. తప్పుల మాస్టారు మాత్రం గుమ్మం దగ్గర ఆగి, తలుపు చెక్క పట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, అదీ... ఇందాకటి మంచి కాఫీ ఉంది చూడు, దాంట్లో కూడా పంచదార ఒక్క పిసరు ఎక్కువైంది."

సూదక్క ఆయన్ని కొట్టబోయింది. వదిన చెయ్యి అడ్డం పెట్టింది. ఎడమ చెయ్యే. మాస్టారి మొహాన్ని అటూ ఇటూ పరిశీలనగా చూసి, అందులో మొహమాటం లేదని తేల్చుకుంది.

"అబ్బాయ్, విన్నావుగా" అంది నాతో. "పంచదార తగ్గించు."

నేను మళ్ళీ స్టూలు మీంచి లేచాను.